మా అన్న నాకు చదివి వినిపించని పేజీ

మా అన్న ఏసుపాదం మాస్టారు ప్రభువునందు నిద్రించారు. మన సంఘాల పత్రికలో అలా రాయడం ఆచారం గనుక నేనూ అలాగే మొదలుపెట్టాను. మా మేనల్లుడు ప్రభుదాసు ఫోనులో అన్న మాట మాత్రం అది కాదు. ఆ పూట నేను మిరప కళ్ళంలో పట్టా మీద కూర్చుని తాలుకాయలు ఏరుతున్నాను. చేతులకు ఘాటు అంటి ఉందని పక్కనున్న ఆమె ఫోను నా చెవి దగ్గర పెట్టింది. "అత్తా, నాన్న పోయాడు. లేచి రా" అన్నాడు. "ఏందిరా?" అన్నాను. "పొద్దున కాఫీ తాగాడు. గ్లాసు కింద పెట్టాడు. పోయాడు" అన్నాడు. ఆ ఘాటు చేతులతోనే కళ్ళు తుడుచుకున్నాను. ఆ మంటకు ఏడ్చానో, అన్నకు ఏడ్చానో నాకే తెలియలేదు.

డెబ్భై నాలుగేళ్ళు నిండిన జీవితం. అకాల మరణం అనడానికి లేదు. అయినా ఒక పని సగంలో ఉండగా పోయిన మనిషిది ఏ వయసులోనైనా అకాల మరణమే అని నాకు తోస్తున్నది. ఆ సగం పని ఏమిటో, అది ఎక్కడికి పోయిందో చెప్పడానికే ఈ నాలుగు మాటలు. సంస్మరణ అంటే సుగుణాలు ఏకరువు పెట్టాలని మన పాస్టరు అయ్యగారు చెప్పారు. పెడతాను. కానీ మా అన్న చేసిన ఒక తప్పు, నేను చేసిన ఒక తప్పు కూడా చెప్పాలి. అవి చెప్పకుండా ఆయనను పొగిడితే ఆయన నేర్పిన అక్షరాలకే అవమానం.

ఆయనను ఎరగని కొత్త పాఠకుల కోసం చెబుతున్నాను. గురజాల పక్కన నాపరాళ్ళ గనుల నడుమ ఉన్న పేట మాది. అన్న హాస్టలులో ఉండి చదువుకుని, ఉపాధ్యాయుడై, నాలుగైదు ఊళ్ళు తిరిగి, రిటైరయ్యాక పుట్టిన ఊరికే వచ్చి సంఘ కార్యదర్శిగా ఉన్నాడు. తొమ్మిది పుస్తకాలు రాసి తానే అచ్చు వేయించాడు. ఉపవాస దినాల ధ్యానాలు, పిల్లల కోసం బైబిలు కథలు, మరణం సంభవించిన ఇళ్ళలో చదువుకోవడానికి ఆదరణ వాక్యాలు. వీటన్నిటికంటే ఆయనకు కీర్తి తెచ్చింది మా కుటుంబ చరిత్ర 'గని గట్టున దీపం'. బొల్లాపల్లి నుంచి అచ్చంపేట దాకా ఎన్ని సంఘాలలో ఆ పుస్తకం చదివి కన్నీళ్ళు పెట్టుకున్నారో నాకు తెలుసు. పెళ్ళిలోనో, జ్ఞాపకార్థ కూడికలోనో ఎవరో ఒకరు నా చెయ్యి పట్టుకుని, "మీ అమ్మ గురించి మీ అన్న ఎంత బాగా రాశాడమ్మా" అనేవారు. నాకు అప్పుడు చదువు రాదు. రాదని చెప్పడానికి అహం అడ్డం. తల ఊపేదాన్ని. ఆ పుస్తకాన్ని కళ్ళకద్దుకుని, అమ్మ నాన్నల ఫోటో పక్కన దాచుకున్నాను.

ఆయన పుస్తకం రాసే పద్ధతి వేరు. ఎక్కడ పెద్దవాళ్ళు గతించారని విన్నా మూడో నాటి ఆదరణ కూడికకు వెళ్ళేవాడు. ప్రార్థన అయ్యాక, "మీ ఇంటి పాత బైబిలు తెండమ్మా" అని అడిగేవాడు. మన ఇళ్ళలో పుట్టుకలు, బాప్తిస్మాలు, మరణాలు బైబిలు మొదటి ఖాళీ పేజీలో రాసుకోవడం తాతల నాటి అలవాటు గదా. ఆ పేజీ ముందు పెట్టుకుని ఒక్కో పేరు మీద వేలు ఉంచి, ఆ మనిషిని గురించి ఇంటి పెద్దల చేత చెప్పించి రాసేవాడు. రాసినదాన్ని వాళ్ళకే చదివి వినిపించేవాడు. వినే ముసలివాళ్ళలో ఒక్కరు తల అడ్డంగా ఊపినా ఆ వాక్యాన్ని కొట్టేసేవాడు. "చచ్చినోడికి నోరుండదు. వాడి మీద తిట్టు రాసినా అబద్ధమే, పొగడ్త రాసినా అబద్ధమే. అడిగి రాయాలి, రాసి వినిపించాలి" అనేది ఆయన సూత్రం.

అచ్చంపేట వైపు ఒక ఇంట్లో జరిగిన సంగతి ఆయనే చెప్పి నవ్వేవాడు. గతించిన పెద్దమనిషి గురించి "ఆయన శాంతస్వభావి" అని రాసి వినిపించాడట. మూల కూర్చున్న భార్య లేచి, "ఎవురయ్యా శాంతం? బాప్తిస్మం తీసుకోకముందు నా ఈపు ఎట్టా వాచేదో ఈ గోడల్ని అడుగు" అన్నదట. కొడుకులు సిగ్గుపడి "అమ్మా, ఊరుకో" అంటే, "మీరు ఊరుకోండ్రా. ఆ తర్వాత ఒక్కనాడు చెయ్యెత్తలా. అదీ రాయి మాస్టారూ, రెండూ రాయి" అన్నదట. అన్న రెండూ రాశాడు. ఆ పుస్తకం అచ్చయ్యాక కొడుకులే వచ్చి కాపీలు పట్టుకెళ్ళారు.

నరసరావుపేటలో ఆయన పుస్తకాలు అచ్చువేసిన కోటేశ్వరరావు గారు మన విశ్వాసి కాదు. మిషను పైన కోటప్పకొండ స్వామి పటం ఉంటుంది. దాని కింద బల్ల మీద కూర్చుని అన్న ప్రూఫులు దిద్దేవాడు. "మాస్టారూ, మా స్వామి కింద కూర్చుని మీ ప్రభువు పుస్తకం దిద్దుతున్నారు. వాళ్ళిద్దరికీ తగాదా రాదా?" అని ఆయన ఎగతాళి. "వాళ్ళకేం తగాదా లేదు కోటేశ్వర్రావూ. ఫ్యాను మీ స్వామి వైపే తిప్పావు చూడు, అదీ నాకు తగాదా" అని మా అన్న జవాబు. ముప్ఫై ఏళ్ళు ఇద్దరూ ఇలాగే పోట్లాడుకున్నారు. శవపెట్టె వెంట సమాధుల తోట దాకా చెప్పులు లేకుండా నడిచివచ్చినవాడు ఆ కోటేశ్వరరావు గారు.

అన్నలో లోపాలు లేవని కాదు. ఇంట్లో పప్పు నిండుకుందని సలోమి వదిన నాలుగుసార్లు చెప్పినా వినపడేది కాదు. వాక్యంలో కామా తప్పితే మాత్రం పక్క ఊళ్ళో ఉన్నా వినపడేది. ఎవరినీ మెచ్చుకునే అలవాటు లేదు. నా అరవై మూడో ఏట మా మనవరాలి పెళ్ళిలో, సాక్షి సంతకం దగ్గర నేను బొటనవేలు చాపాను. రిజిస్టరు పట్టుకున్నది ఆయనే. అంతమంది ముందు నా వేలికి సిరా పూసి, కాగితం మీద నొక్కి, వేలు వదలకుండా, "ఇదే నీ చివరి వేలిముద్ర" అన్నాడు. "ఈ వయసులో నాకేం చదువన్నాయ్?" అన్నాను. "నలభై ఏళ్ళు ఊరోళ్ళ పిల్లలకి చెప్పాను. నా తోడబుట్టింది వేలు పెడుతుంటే నాకు సిగ్గుగా ఉంది. నీ కోసం కాదులే, నా సిగ్గు కోసం రా" అన్నాడు.

నేను వెళ్ళాను. రెండేళ్ళపాటు ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన వసారాలో నాపరాయి బండల మీద ముగ్గురాయితో దిద్దాను. బతుకంతా పలకలు లేపి, మోసి, లారీకెత్తిన చేతులు ఇవి. సమ్మెట పట్టినట్టు ముగ్గురాయి పట్టేదాన్ని, అది విరిగేది. "ఇవి రాతికి అలవాటైన చేతులన్నాయ్, ఇక రావు" అంటే, "మోషే చేతికిచ్చింది మాత్రం ఏంది, రాతి పలకలేగా. దిద్దు" అనేవాడు. వర్షాకాలంలో బండలు చెమర్చితే ముగ్గురాయి పట్టేది కాదు. అప్పుడు తడి గుడ్డతో ఆయనే వంగి తుడిచి, విసనకర్రతో ఆరబెట్టేవాడు. మెచ్చుకోలు మాట ఒక్కటి కూడా ఆయన నోట రాలేదు. ఆ విసనకర్ర మాత్రం గుర్తుంది.

చదవడం వచ్చాక నేను మొదట తీసిన పుస్తకం 'గని గట్టున దీపం'. రోజుకు అర పేజీ. వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాను. అమ్మ పోయిన పేజీకి చేరడానికి చాలా నెలలు పట్టింది. ఆ పేజీ మూడుసార్లు చదివాను. నాకు చదవడం సరిగ్గా రాలేదేమో అనుకుని నాలుగోసారి చదివాను. తర్వాత పుస్తకం సంచిలో వేసుకుని పుట్టింటి ఊరి బస్సెక్కాను.

అన్న వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. "ఏమే రాహేలూ, ఇవాళ ఆదివారం కాదే" అన్నాడు.

"ఈ పేజీ చదువన్నాయ్" అన్నాను.

"నీకు వచ్చుగా."

"నీ నోటితో చదువు."

చదివాడు. ఆదివారం వేకువన తల్లి మోకాళ్ళ మీద ప్రార్థనలో ఉండగా, బిడ్డలిద్దరూ ఆమెకు ఇరుపక్కలా ఉండగా, దీపం కొండెక్కినట్టు ఆ ఆత్మ ప్రశాంతంగా ప్రభువును చేరిందని అక్కడ రాసి ఉంది. చివరి మాట నాకు వినపడలేదు.

"ఊరందరి ఇళ్ళకీ పోయి చదివి వినిపించావే. ఎవురు తల అడ్డంగా ఊపినా కొట్టేశావే. ఈ పేజీ నాకెందుకు వినిపించలేదు?" అన్నాను.

ఆయన పుస్తకం మూసి మంచం మీద పెట్టాడు. "ఆదివారం పనికి పోయి చచ్చిందని రాస్తే అమ్మను ఏమనుకుంటారే?" అన్నాడు.

"ఏమనుకుంటారు. పనికి పోయి చచ్చిందనుకుంటారు."

"చదివినోళ్ళకి విశ్వాసం నిలబడాలి గందా."

"అబద్ధం మీద నిలబడే విశ్వాసం నాకొద్దు. ఆమె ఎందుకు పోయిందో నీకు తెలుసా అసలు?"

ఆ మాట నా నోట రాకుండా ఉండవలసింది. వచ్చింది. జరిగినది ఇదీ.

నాకు తొమ్మిదేళ్ళు, అన్నకు పన్నెండు. నాయన దగ్గుతో మంచం పట్టాడు. అన్నకు హాస్టలులో చోటు దొరికింది. హాస్టలుకు పోవాలంటే తాళం పెట్టుకునే రేకు పెట్టె కావాలన్నారు. ఆదివారం లారీకి లోడు ఎత్తాలి, వచ్చినవాళ్ళకు ఆ రోజే కూలి అని గనిలో చెప్పారు. అన్న పాటలు పాడడానికి ఆరాధనకు వెళ్ళాడు. అమ్మ రాతి ముక్కలు ఎత్తడానికి నన్ను వెంటబెట్టుకుని గనిలోకి దిగింది. ఎండ ఎక్కకముందే పై పొర జారింది. అమ్మ నడుము నుంచి కింద పలకల అడుగున పడింది. మగవాళ్ళు గడ్డపారలు తెచ్చేలోపు ఆమె బతికే ఉంది. మోకాళ్ళు మోపడానికి ఆమెకు మోకాళ్ళు లేవు. నేను తల దగ్గర కూర్చున్నాను. ఆమె ప్రార్థన చేయలేదు. "అన్నకి చెప్పమాకే, పెట్టె కోసం వచ్చానని. వాడు పెట్టె ముట్టుకోడు" అన్నది. అంతే. గడ్డపారలు రాతికి తగిలిన చప్పుడు విన్నాను. పలకలు లేపేసరికి ఆమె లేదు.

ఆనాటి సంఘపెద్దలు, విశ్రాంతి దినాన పనికి పోయి మరణించింది గనుక సమాధుల తోటలో చోటు లేదన్నారు. వెనకవైపు గోడ అవతల గుంట తీశారు. పేరు లేని ఒక రాయి పాతారు. గనిలోవాళ్ళు తలా కొంచెం వేసుకుని రేకు పెట్టె కొనిచ్చారు. అన్న ఆ పెట్టెతోనే హాస్టలుకు వెళ్ళాడు. అమ్మ గనిలో పోయిందని ఆయనకు తెలుసు, పేటలో అందరికీ తెలుసు. ఎందుకు దిగిందో నాకొక్కదానికే తెలుసు. పుస్తకం వచ్చాక, నిజం తెలిసిన ముసలివాళ్ళు కూడా మంచి మాటే రాశాడులే అని ఊరుకున్నారు. ఆ రేకు పెట్టెను మా అన్న జీవితాంతం దాచుకున్నాడు. ఆయన రాతప్రతులన్నీ అందులోనే ఉండేవి.

యాభై ఏడేళ్ళు దాచిన మాట అలా వసారాలో అనేశాను. అన్న లేచి లోపలికి వెళ్ళాడు. పెట్టె ముందు కూర్చున్నాడు. మూత మీద చెయ్యి పెట్టబోయి వెనక్కి తీసుకున్నాడు. "రాహేలమ్మా, ఏమన్నావే ఆయన్ని?" అని వదిన అడిగింది. నేను చెప్పులేసుకుని వచ్చేశాను. అమ్మకిచ్చిన మాట తప్పాను. చెప్పకుండా ఉండవలసిందా అని ఇప్పటికీ నన్ను నేను అడుగుతూనే ఉంటాను.

ఏడాదిపాటు ఆయన ఒక్క అక్షరం రాయలేదు. ఆదివారాలు నేను వెళ్ళేదాన్ని. ఎదురెదురుగా కూర్చునేవాళ్ళం. ఒకనాడు తానే, "రేపు వేకువన నాతో రా" అన్నాడు. సమాధుల తోటకు తీసుకెళ్ళాడు. గేటులోంచి పోయి, నాయన సమాధి దాటి, వెనక గోడ దాకా నడిచాడు. గోడ అంటే కట్టుబడి గోడ కాదు. మా గనిలోనే లేపిన నాపరాళ్ళు, వరసగా నిలువునా పాతినవి. రెండు పలకల మధ్య సందులోంచి అవతల అమ్మ రాయి కనిపిస్తుంది. "నేను రోజూ ఇక్కడికే వస్తా. ప్రార్థన చేసుకుంటున్నాడనుకుంటారు జనం. నాకు ఏం ప్రార్థన వస్తుందే ఇక్కడ" అన్నాడు. తర్వాత, "పుస్తకం మళ్ళీ వేస్తా. ఉన్నది ఉన్నట్టు రాస్తా. చివరి పేజీలో సంఘాన్ని ఒకటే అడుగుతా, ఈ గోడ కాస్త అవతలికి జరపమని" అన్నాడు.

అప్పటి నుంచి రాశాడు. ఒక్కో పేజీకి నెల. ప్రతి పేజీ నాకు చదివి వినిపించి, లోపలికి తీసుకెళ్ళి దాచేవాడు. రెండుచోట్ల నేను తల అడ్డంగా ఊపాను. ఒకచోట అమ్మను "వీరమాత" అన్నాడు. "వీరమాత గాదు, కూలిమనిషి" అన్నాను. కొట్టేశాడు. ఇంకోచోట సంఘపెద్దలను "ధర్మాంధులు" అన్నాడు. "వాళ్ళు చచ్చిపోయారన్నాయ్. నోరుండదని నువ్వేగా చెప్పావు" అన్నాను. "నీకు చదువు చెప్పడం నాదే తప్పు" అని అదీ కొట్టేశాడు. మెచ్చుకోలు అంటే అదేనని నాకు అర్థమైంది. చివరికి, "ఇక ఒక్క పేజీ ఉంది. గోడ పేజీ. వచ్చే ఆదివారం వినిపిస్తా" అన్నాడు. ఆ ఆదివారం రాకముందే, గురువారం పొద్దున, కాఫీ గ్లాసు కింద పెట్టాడు.

ఇక నా తప్పు. శవపెట్టెలో పడుకోబెట్టినవారి చేతుల్లో బైబిలు ఉంచడం మనవాళ్ళ ఆచారం. వదిన పెద్ద అక్షరాల కొత్త బైబిలు పట్టుకుని నిలబడింది. దుఃఖంలో ఆమెకు ఒంటి మీద స్పృహ లేదు. "ఇదేందొదినా, దీన్ని ఆయన ఎప్పుడు తెరిచాడు? రోజూ చంకన పెట్టుకు తిరిగింది పాతది గందా. అది పెడితేనే ఆయనకి ఆనుతుంది" అన్నాను. ఎవరూ కాదనలేదు. మా తాత నాటి బైబిలు. మా ఇంటి పేర్లన్నీ మొదటి పేజీలో ఉన్న బైబిలు. బైండు ఊడిపోతుందని కాబోలు, చుట్టూ గుడ్డపేలిక బిగించి కట్టి ఉంది. ముడి విప్పలేదు. నేనే ఆయన ఛాతీ మీద పెట్టి, వేళ్ళు ఒక్కొక్కటే దాని మీదికి మడిచాను. గేటు పక్కనే, అందరికీ కనిపించే చోట, సంఘం ఘనంగా సమాధి చేసింది. పైన రెండు నాపరాళ్ళు పరిచారు.

మూడో నాడు ఆదరణ కూడికకు కోటేశ్వరరావు గారు వచ్చారు. ప్రార్థన అయ్యేదాకా బయట నిలబడి, తర్వాత లోపలికి వచ్చి, "అమ్మా, మాస్టారు కొత్త పేజీలన్నీ ఒక్కసారే ఇస్తానన్నారు. ఎక్కడున్నాయో చూడండి. నేను వేస్తాను. ఆయన పని సగంలో ఆగకూడదు" అన్నారు. ప్రభుదాసు రేకు పెట్టె తాళం తీశాడు. పాత ప్రతులున్నాయి, శుభలేఖలున్నాయి, ఎండిపోయిన పెన్నులున్నాయి. కొత్త పేజీలు లేవు. అడుగుదాకా తీసి చాప మీద పరిచాడు. లేవు.

గోడకు ఆనుకున్న వదిన కళ్ళు తెరవకుండానే, "ఆ పెట్టెలో ఎందుకుంటయిరా. ఆ పెట్టె ముట్టి నాలుగేళ్ళయింది మీ నాన్న. రాసినయ్యన్నీ బైబిల్లో పెట్టి కట్టుకునేవాడు" అన్నది.

"ఏ బైబిలమ్మా?" అన్నాడు ప్రభుదాసు.

వదిన కళ్ళు తెరిచి నా వైపు చూసింది. కోపంగా చూసినా బాగుండేది.

అమ్మ అన్నంత పనీ జరిగింది. వాడు పెట్టె ముట్టుకోడు అన్నది. ముట్టుకోలేదు. నేను చెప్పకపోతే పేజీలు రేకు పెట్టెలోనే ఉండేవి. కొత్త బైబిలు పెట్టనిస్తే పాతది ఇంట్లోనే ఉండేది. రెండూ నా నోరే చేసింది.

ప్రభుదాసు సొంత లారీ మీద రాయి తోలుకునే మనిషి. ఎక్కువ ఆలోచించడు. "తవ్వుదాం అత్తా. మూడు రోజులేగా. నాన్న అన్నేళ్ళు కూర్చుని రాశాడు" అన్నాడు. పెద్దలను అడగాలన్నారు అయ్యగారు. వదిన "మీ ఇష్టం" అన్నది. నేను "పద" అన్నాను. నిజం చెబుతున్నాను, నాకు ఆ చివరి పేజీ కావాలి. అందులో ఆయన సంఘాన్ని ఏ మాటలతో అడిగాడో చదవాలి. అన్నీ వినిపించాడు, అది వినిపించలేదు.

సమాధి మీద దండలు ఇంకా పూర్తిగా వాడలేదు. ప్రభుదాసు లారీలోంచి తెచ్చిన గడ్డపార మొనను పలక కిందికి పోనిచ్చి బలం పట్టాడు. ఇనుము రాతికి తగిలి చప్పుడైంది. అరవై ఏళ్ళ కిందట గనిలో, అమ్మ తల దగ్గర కూర్చుని నేను విన్న చప్పుడు అదే. ఏమీ తేడా లేదు. వెళ్ళి గడ్డపార పట్టుకున్నాను.

"ఆపరా" అన్నాను.

"ఏందత్తా, ఇంతదాకా వచ్చి."

"ఆపమన్నానా. మనింట్లో ఇంకో మనిషి మీంచి పలక లేపడం నేను చూడలేను."

"మరి పుస్తకం?"

"ఆయన రాసింది ఆయన దగ్గరుంది. నేను చూసింది నా దగ్గరుంది. ఉన్నదాంతో నేను రాస్తా."

ప్రభుదాసు గడ్డపార భుజాన వేసుకుని నిలబడి, "నువ్వా?" అన్నాడు. వెక్కిరింపుగా కాదు. మేనత్త మీద జాలితో అన్నాడు. నాకూ అదే అనుమానం. మా అన్న పదం పక్కన పదం పెడితే గోడ కట్టినట్టు ఉండేది. నావి ఏరుకొచ్చిన రాతి ముక్కలు. ఆ పేజీల్లోని నిండైన వాక్యాలు ఇక ఎవరికీ దొరకవు. ఆయన తర్వాత మన ఇళ్ళకు వచ్చి పాత బైబిలు తెమ్మని, పేరు మీద వేలు పెట్టి అడిగేవారు లేరు. ఎన్ని ఇళ్ళలో ఎంతమంది పేర్లు మొదటి పేజీలోనే ఉండిపోతాయో. ఆ లోటు తీరేది కాదు. ప్రభువు చిత్తమని సరిపెట్టుకోమంటున్నారు. సరిపెట్టుకుంటాను, కానీ తీరిందని అబద్ధం రాయను.

మా ఇంటి మొదటి పేజీ మట్టిలోకి పోయింది గనుక ఒక పేరు ఇక్కడ రాస్తున్నాను. మా అమ్మ పేరు శాంతమ్మ. నాపరాళ్ళ గనిలో కూలికి పోయేది. కొడుకు హాస్టలు పెట్టె కోసం ఆదివారం పనికి దిగి, పలకల కింద పడి మరణించింది. ప్రార్థనలో మరణించిందని పుస్తకంలో ఉన్న మాట కొట్టేయండి. మీ ఇళ్ళలో ఆ పుస్తకం ఉంటే, ఆ పేజీ మీద మీ చేత్తోనే గీత గీయండి. ఆ పుస్తకం రాసినవాడే అలా కోరాడు. అందుకు సాక్షిని నేను. ఈసారి వేలిముద్ర కాదు, సంతకమే పెడుతున్నాను.

సంఘపెద్దలకు ఒక మనవి. మా అన్న చివరి పేజీలో ఏ మాటలు ఉన్నాయో నాకు తెలియదు. అడగదలచుకున్నది మాత్రం తెలుసు. ఆయనను గేటు పక్కన ఘనంగా ఉంచారు, సంతోషం. కానీ ఆయన రోజూ నిలబడ్డ చోటు అది కాదు. వెనక గోడలో అమ్మ రాయికి ఎదురుగా ఉన్నవి పదకొండు పలకలు. మొన్న వెళ్ళి చేత్తో తట్టి చూశాను. నాలుగు ఇప్పటికే కదులుతున్నాయి. పీకి, పది అడుగులు అవతల మళ్ళీ పాతడానికి పని తెలిసిన మనుషులకు ఒక పూట చాలు. మనుషులు దొరకకపోతే నేనున్నాను. డెబ్భై ఒకటో ఏడు, అయినా పలక ఎక్కడ పట్టుకుంటే విరగకుండా లేస్తుందో ఈ చేతులు మరచిపోలేదు. ఆదివారం తప్ప ఏ రోజైనా కబురు పెట్టండి.

ఇది రాసి ముగించాక, అలవాటు చొప్పున కాగితాలు పట్టుకుని అన్న వసారాలోకి వెళ్ళాను. మంచం ఖాళీగా ఉంది. బండల మీద కూర్చుని మొదటి నుంచి చివరి దాకా పైకి చదివాను. తల అడ్డంగా ఊపేవారు ఎవరూ లేరు.

ఇట్లు,
తోడబుట్టిన చెల్లెలు
రాహేలమ్మ